భోగి ముందరి సున్నం

చెన్నై నుంచి తిరుపతికి పోయే రహదారిలో, తిరువళ్లూరు దాటిన తరవాత తిరుత్తణి చేరేలోగా వచ్చే కనకమ్మ సత్రం చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు, తమిళం రెండూ ఇంటి మాటలే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారినా, ఇంటి శుభ్రత విషయంలో రెండు భాషలవారికీ గడువు ఒక్కటిగానే నిలిచింది. అటక మీది సామాను దించి, బూజు దులిపి, గోడలకు సున్నం కొట్టే పని జనవరి నడుమ వచ్చే భోగి నాటికి ముగియాలి. చలికాలమంతా తలుపులు మూసి పొయ్యి రాజేసుకున్న ఐరోపా ఇళ్లలో మసి పేరుకుంటుంది గనుక అక్కడివారు వసంతంలో ఇల్లు కడుగుతారు. ఇరాన్‌లో మార్చి నెలలో వచ్చే నౌరోజ్‌కు ముందు జరిగే ఇటువంటి పనికి ‘ఇంటిని దులపడం’ అనే అర్థమున్న పేరే ఉంది. తిరువళ్లూరు ప్రాంతంలో ఇంటిని పాడుచేసేది చెమ్మ. ఏడాది వానలో దాదాపు సగాన్ని ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య కురిపిస్తాయి కాబట్టి, ఆ వానలు వెనకపట్టి ఎండ నిలదొక్కుకునే జనవరి నెలే ఇక్కడ గోడలు ఆరడానికి అనువైన కాలం.

తెలుగులో ‘బూజు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి: మూలల్లో వేలాడే సాలెగూడు, దుమ్ము కలిసిన పోగులు ఒకటి; తడిసిన గోడ మీద, పాత చాప మీద, నిలవ పచ్చడి మీద పెరిగే శిలీంధ్రం రెండోది. శిలీంధ్రాల సిద్ధబీజాలు, అంటే విత్తనాల వంటి అతిసూక్ష్మ కణాలు, గాలిలో ఎప్పుడూ ఉంటాయి. చెమ్మ పట్టిన గోడ దొరికినప్పుడే అవి మొలకెత్తుతాయి. అందువల్ల మొదటి రకం బూజును కర్రకు కట్టిన చీపురుతో దులపవచ్చు గానీ, రెండో రకాన్ని పొడి చీపురుతో రాస్తే ఆ కణాలు గదంతా చెదిరి, ఉబ్బసం ఉన్నవారిని బాధిస్తాయి. దాన్ని తడిగుడ్డతో అద్ది తీసి, గోడను బాగా ఆరనివ్వాలి. పరుపుల్లో, దిండ్లలో ఉండే ధూళి పురుగులు, కంటికి ఆనీ ఆననంత చిన్న జీవులు, నీరు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి కనుక, పరుపును ఎండలో వేసి దులపడం, దుప్పట్లను బాగా వేడి నీళ్లలో ఉతకడం వాటిని తగ్గించే పద్ధతులు.

భోగి పనులన్నింటిలో శాస్త్రం దృష్ట్యా ఎక్కువ విలువైనది సున్నం కొట్టడమే. సున్నపురాయి గానీ, ఆల్చిప్పల వంటి గుల్లలు గానీ రసాయనికంగా ఒకటే పదార్థం, కాల్షియం కార్బనేట్. బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడికి దానిలోని కార్బన్ డయాక్సైడ్ వాయువు వెళ్లిపోయి పొడిసున్నం మిగులుతుంది. దాని మీద నీళ్లు పోస్తే సలసల మరుగుతూ తడిసున్నంగా మారుతుంది. క్షారత్వాన్ని చెప్పే పీహెచ్ కొలతలో మంచినీరు 7 దగ్గర ఉండగా, సున్నపుతేట 12 దాటి ఉంటుంది. ఆ క్షారతకు శిలీంధ్రాలు, అనేక సూక్ష్మజీవులు తాళలేవు. గోడకెక్కిన సున్నం రోజులూ వారాలూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. బట్టీలో పోగొట్టుకున్న వాయువును గోడ మీద తిరిగి సంపాదించుకునే ఈ చక్రం నిజంగా అద్భుతమైనది. ఈ మార్పు జరగడానికి కొంత తడి అవసరం గనుకనే అనుభవం ఉన్న పనివారు ముందు గోడను తడుపుతారు, ఒక మందపు పూతకు బదులు రెండు మూడు పలచని పూతలు వేస్తారు. పట్టు కోసం గంజి గానీ జిగురు గానీ, పసుపు ఛాయ కనబడకుండా కొద్దిగా నీలిమందూ కలుపుతారు. సున్నపు పూతలోని సన్నని రంధ్రాల గుండా గోడలోని చెమ్మ బయటికి పోతుంది. పాత ఇటుక గోడకు ప్లాస్టిక్ రంగు వేసినప్పుడు ఆ దారి మూసుకుపోయి, పొర ఉబ్బి పెచ్చులూడుతుంది. అయితే తడిసున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. వెంటనే ధారగా నీళ్లు పోసి చాలాసేపు కడిగి, వైద్యుని వద్దకు వెళ్లాలి.

ఇత్తడి, రాగి పాత్రలకు చింతపండు చాలు. అందులోని టార్టారిక్ ఆమ్లం లోహం మీది ఆక్సైడ్ పొరను కరిగిస్తుంది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను మాత్రం బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపరాదు, ఆ రెండూ కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ వాయువు పుడుతుంది.

దులిపి బయట వేసిన పాత సామాను భోగి మంటకు చేరడం ఆచారం. పాత చాపలు, తట్టలు, ఎండుకట్టెలు కాలిన కాలంలో ఏర్పడిన ఆ ఆచారంలోకి టైర్లు, ప్లాస్టిక్ వచ్చి చేరాయి. జనవరి తెల్లవారుజామున నేలను అంటిన గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండి, మూత పెట్టినట్లు పొగను పైకి పోనివ్వదు. 2018 జనవరి 13న, భోగి నాడు, పొగమంచుతో కలిసిన ఇటువంటి పొగ వల్ల చెన్నైలో విమానాల రాకపోకలు ఆగిపోయాయి. టైరును కాల్చకపోవడం ఎంత అవసరమో, దాన్ని పెరట్లో పడవేయకపోవడం కూడా అంతే అవసరం. డెంగీని మోసే ఏడిస్ దోమ అందులో నిలిచిన వాననీటి అంచున గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు నీరు ఆరిపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి కాబట్టి, నీళ్ల తొట్టిని ఒంపి వదిలేయడం సరిపోదు. నీటిమట్టం ఆనిన గోడను పీచుతో గట్టిగా తోమి, టైరును పాతసామాను కొనేవారికి ఇచ్చివేయాలి.