నిన్న అర్థమైన అరబిక్ ఇవాళ ఎందుకు అర్థం కావడం లేదు?

గల్ఫ్‌కి వెళ్లి ఏడాది అయినవాళ్లు ఇంటికి ఫోన్ చేసి, "అరబిక్ వచ్చేసింది అమ్మీ, అంతా అర్థమవుతోంది" అని సంతోషంగా చెబుతారు. పది రోజులు పోయాక అదే మనిషి గొంతు తగ్గించి మాట్లాడతాడు. "ఇవాళ ముదీర్ ఏదో చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. వచ్చింది కూడా పోయినట్టుంది."

పోలేదు. కొత్త భాష నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఇలా జరుగుతుంది. చదువుకున్నవాళ్లకీ జరుగుతుంది, ఇంగ్లిష్ మీడియంలోకి మారిన మన పిల్లలకీ జరుగుతుంది. వినికిడి హఠాత్తుగా 'ఆగిపోవడానికి' కొన్ని కారణాలున్నాయి. అవి తెలిస్తే భయం సగం తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, అర్థం కాకుండానే తల ఊపే అలవాటు తప్పుతుంది. అసలు నష్టం జరిగేది అక్కడే.

తలలో చోటు తక్కువ

విన్న మాటల్ని మనం అర్థం చేసుకునేదాకా మెదడు వాటిని కాసేపు పట్టి ఉంచుతుంది. ఆ చోటు చాలా చిన్నది. ఒకేసారి సుమారు 7 విషయాలు పడతాయని 1956లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ రాశారు. నిజానికి అది 4 దాకానే అని 2001లో నెల్సన్ కోవన్ అన్నారు.

మాతృభాషలో దీనితో ఇబ్బంది రాదు. "రేపు పొద్దున ఆరింటికి బస్సు గేటు దగ్గరికి వస్తుంది" అని ఎవరైనా అంటే అదంతా ఒకటి రెండు మూటలుగా లోపలికి పోతుంది. కొత్త భాషలో అలా కాదు. ప్రతి మాటా విడిగా ఒక మూట. మధ్యలో తెలియని మాట ఒకటి వస్తే మనసు అక్కడే ఆగి "ఇదేంటి?" అని వెతుకుతుంది. అది వెతికేలోపు ఎదుటి మనిషి ఇంకో నాలుగు మాటలు అనేస్తాడు. అవి మనకు తెలిసిన మాటలే అయినా పట్టుకోవడానికి చోటుండదు. అలా ఒక్క మాట తెలియక మొత్తం వాక్యం పోతుంది.

చదివేటప్పుడు వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకోవచ్చు. వినేటప్పుడు ఆ వీలు లేదు. అందుకే "చదివితే అర్థమవుతుంది, వింటే కాదు" అనేవాళ్లు అంతమంది ఉంటారు.

మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు

కాగితం మీద మాటల మధ్య ఖాళీ ఉంటుంది. నోట్లో ఉండదు. అరబిక్‌లో 'అల్' తర్వాతి మాటలో కలిసిపోతుంది. అల్, షమ్స్ కలిస్తే 'అష్షమ్స్'. అల్, దుక్తూర్ కలిస్తే 'అద్దుక్తూర్'. ఖాయిదా చదివిన పిల్లలకు షమ్సీ అక్షరాల ఈ నియమం తెలుసు. కానీ నిదానంగా, ప్రతి అక్షరం స్పష్టంగా పలికే తజ్వీద్ వేరు, బజారులో గబగబా మాట్లాడే అరబిక్ వేరు.

పైగా పుస్తకంలోని మాటలు వీధిలో మారిపోతాయి. 'ఎక్కడ' అనడానికి పుస్తకంలో 'ఐన', గల్ఫ్ వీధిలో 'వేన్'. 'ఇప్పుడు' అనడానికి పుస్తకంలో 'అల్ ఆన్', వీధిలో 'అల్హీన్'. కాఫీని పుస్తకంలో 'ఖహ్వా' అంటారు. గల్ఫ్ మనిషి నోట అది 'గహ్వా'. అదే ఆఫీసులోని కైరో అతను 'అహ్వా' అంటాడు. కువైట్‌లో, ఎమిరేట్స్‌లో కోడి 'దజాజ్' కాస్తా 'దియాయ్' అయిపోతుంది.

అంటే నిన్నటిదాకా సౌదీ సూపర్‌వైజర్ మాటలకు అలవాటుపడిన చెవి, ఇవాళ ఈజిప్టు సూపర్‌వైజర్ రాగానే తడబడటం సహజం. ఇది మనకు కొత్త కాదు. లక్నో ఉర్దూ మాత్రమే విన్న మనిషి హైదరాబాద్ వచ్చి 'నక్కో', 'హౌ' వింటే కాసేపు బిత్తరపోడా? అతనికి ఉర్దూ రాదనగలమా?

ఉర్దూ సాయం చేస్తుంది, దారి కూడా తప్పిస్తుంది

ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకు అరబిక్‌లో వందల మాటలు ముందే తెలుసు. కితాబ్, వఖ్త్, సవాల్, జవాబ్. ఇది పెద్ద వరం. అయితే కొన్ని మాటలు ముఖం ఒకటే, అర్థం వేరు.

'గరీబ్' అంటే మనకు పేదవాడు, అరబిక్‌లో వింతైన, కొత్త మనిషి. 'రఖమ్' మనకు డబ్బు, అక్కడ నంబర్. 'మక్తబ్' మనకు బడి, అక్కడ ఆఫీసు. 'జులూస్' మనకు ఊరేగింపు, అక్కడ కూర్చోవడం. 'ఫుర్సత్' మనకు తీరిక, అక్కడ 'ఫుర్సా' అంటే అవకాశం. 'షహర్' మనకు ఊరు, అక్కడ 'షహర్' అంటే నెల. ఇక గల్ఫ్‌లో దిగిన మొదటి రోజే వినబడే 'మాఫీ' మాట క్షమాపణ కాదు. 'మా ఫీ' అంటే 'లేదు' అని. 'మాఫీ ముష్కిల్' అంటే ఇబ్బందేం లేదని.

తెలియని మాట కన్నా ఇలాంటి మాట ఎక్కువ తిప్పలు పెడుతుంది. తెలియని మాట దగ్గర కనీసం తెలియలేదని తెలుస్తుంది. ఇక్కడ మాత్రం అర్థమైందనుకుని ముందుకు పోతాం. వాక్యం చివరికొచ్చేసరికి ఏదీ అతకదు. 'రఖమ్' అడిగితే జేబు తడుముకుంటాం, అతను అడిగింది ఫోన్ నంబర్.

అంకెల దగ్గర జాగ్రత్త

అన్నిటికన్నా ఎక్కువగా తప్పిపోయేవి అంకెలు. తెలుగులో ముందు పదులు, తర్వాత ఒకట్లు: అరవై అయిదు. అరబిక్‌లో ముందు ఒకట్లు, తర్వాత పదులు. 65 అంటే 'ఖంసా వ సిత్తీన్' (అయిదూ అరవై). 56 అంటే 'సిత్తా వ ఖంసీన్' (ఆరూ యాభై). రెండింట్లోనూ అయిదు, ఆరు శబ్దాలే. చెవి ఒక్క క్షణం ఏమరితే రూమ్ నంబర్ తారుమారవుతుంది, డబ్బు లెక్కా తారుమారవుతుంది. ఉర్దూ తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక ఆధారం ఉంది. 'పైంసఠ్'లోనూ అయిదే ముందు, అరవై తర్వాత. అది గుర్తుపెట్టుకుంటే వరస పట్టుబడుతుంది.

రెండు అనే లెక్కకు అరబిక్‌లో చాలాసార్లు విడిగా మాట ఉండదు, చివర చిన్న తోక ఉంటుంది. 'యోమ్' ఒక రోజు, 'యోమేన్' రెండు రోజులు. 'షహర్' ఒక నెల, 'షహ్రేన్' రెండు నెలలు. 'మర్రా' ఒకసారి, 'మర్రతేన్' రెండుసార్లు. మందుల షాపులో ఆ తోక వినబడకపోతే రోజుకు రెండు పూటలు వేసుకోవాల్సిన మాత్ర ఒక్క పూటే వేసుకుంటాం.

అలసట, గోల, ఫోన్, భయం

పొద్దున బాగా అర్థమైన భాష సాయంత్రానికి మొద్దుబారుతుంది. కొత్త భాష వినడం మెదడుకు బరువు పని. పన్నెండు గంటల డ్యూటీ తర్వాత ఆ బరువు మోసే ఓపిక ఉండదు. ఏసీ మోత, లారీల హారన్, నలుగురూ ఒకేసారి మాట్లాడటం కూడా అంతే. గోలలో మాతృభాషనైతే సగం విని మిగతాది పూరించుకుంటాం, పెద్దయ్యాక నేర్చుకున్న భాషలో అంత తేలిగ్గా పూరించుకోలేం. ఫోన్‌లోనైతే పెదవులు, ముఖం, చేతులు కనబడవు. ఎదురుగా ఉన్నది యజమాని అయితే భయమే తలలో సగం చోటు ఆక్రమిస్తుంది.

కాబట్టి ఒకరోజు అర్థం కాలేదంటే ముందు అడగాల్సింది 'నాకు భాష వచ్చా రాదా' అని కాదు. 'ఇవాళ ఎంత అలిసిపోయాను, ఎవరు మాట్లాడారు, ఎక్కడ, దేని గురించి' అని.

ఊరికే తల ఊపొద్దు

అర్థం కానప్పుడు మొహమాటానికి "నఅమ్, నఅమ్" అనడం మనవాళ్లలో ఎక్కువ. టీ కొట్టు దగ్గర అది చెల్లుతుంది. మూడు చోట్ల చెల్లదు: జీతం, ఆరోగ్యం, పని భద్రత. 'ఖసమ్' అన్న మాటే చూడండి. షాపులో అంటే తగ్గింపు, మనకు లాభం. జీతం దగ్గర అంటే కోత.

ఈ చోట్ల ఇలా చేయండి:

ఒకటి, మొత్తం కాదు, పోయిన ముక్కనే అడగండి. 'అర్థం కాలేదు' అంటే ఎదుటివాడు అదే వేగంతో మొత్తం మళ్లీ చెబుతాడు. "వేన్?" (ఎక్కడ?), "మతా?" (ఎప్పుడు?), "కమ్?" (ఎంత?) అంటే ఆ ముక్కే చెబుతాడు. "షువై షువై" అంటే నెమ్మదిగా అని. "మర్రా థానియా" అంటే మరోసారి అని.

రెండు, విన్నది తిరిగి చెప్పండి. "బుక్రా, సాఆ సిత్తా?" (రేపు, ఆరింటికా?) అని అడిగితే తప్పుంటే అక్కడికక్కడే తేలిపోతుంది.

మూడు, అంకెల్ని ఫోన్‌లో టైప్ చేయించుకోండి. డబ్బు, తారీఖు, మందు మోతాదు ఏదైనా సరే.

నాలుగు, సంతకం పెట్టే కాగితాన్ని విని ఒప్పుకోకండి, చదివించుకోండి. యూఏఈలో 2016 నుంచి జాబ్ ఆఫర్‌ను అరబిక్, ఇంగ్లిష్‌తో పాటు కార్మికుడికి తెలిసిన మరో భాషలోనూ ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ భాషల్లో ఉర్దూ ఉంది. అడిగి తీసుకోండి.

చెవిని ఇంట్లోనే తయారు చేయొచ్చు

వెళ్లబోయే వాళ్లకు రోజుకు పదిహేను నిమిషాలు చాలు. గల్ఫ్ అరబిక్‌లో ఒక్క నిమిషం ఆడియో తీసుకోండి. మొదటిసారి ఏమీ చూడకుండా వినండి. రెండోసారి రాసి ఉన్నది చూస్తూ వినండి, ఎక్కడ ఏ మాట ఏ మాటలో కలిసిందో గమనించండి. మూడోసారి మళ్లీ చూడకుండా వినండి. గంటసేపు వినబడీ వినబడనట్టు పెట్టుకోవడం కన్నా ఇది మేలు.

వినేటప్పుడు ఒక్క నియమం: తెలియని మాటను వదిలేయండి, వాక్యంతో పాటు నడవండి. చాలాసార్లు తర్వాతి మాటలే దాని అర్థం చెప్పేస్తాయి. అంకెల కోసం ఇంట్లో పిల్లలతో ఆడించండి. ఒకరు అరబిక్‌లో అంకె చెప్పాలి, ఇంకొకరు వెంటనే రాయాలి. వారం తిరిగేసరికి 56, 65 కలగలవవు.

డాక్టర్‌కి ఎప్పుడు చూపించాలి?

పైవన్నీ కొత్త భాషకే. తెలుగులో, ఉర్దూలో కూడా పదే పదే "ఏంటి?" అని అడుగుతుంటే చెవి పరీక్ష చేయించాలి. యంత్రాల మోత మధ్య ఏళ్లుగా పనిచేసినవాళ్లు ఇంకా ముందే చేయించాలి. ఉన్నట్టుండి సొంత భాషే అర్థం కాకపోయినా, మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పట్టు తప్పినా అది పక్షవాతం లక్షణం కావచ్చు. క్షణం ఆలస్యం చేయొద్దు. మన దగ్గర 108, యూఏఈలో అంబులెన్స్‌కు 998.

ఇక ఇంట్లో వాళ్లకు ఒక మాట. అక్కడినుంచి మీ అబ్బాయి "అర్థం కావడం లేదు" అన్నప్పుడు "ఏడాదైంది, ఇంకా రాలేదా?" అనకండి. అలా అంటే రేపు అక్కడ అడగాల్సిన చోట కూడా సిగ్గుపడి తల ఊపేస్తాడు. "ఏ మాట దగ్గర ఆగిపోయావు?" అని అడగండి. ఆ ఒక్క మాట దొరికితే మిగతా వాక్యం దానంతటదే తిరిగొస్తుంది.