మొరాయించిన పాత లారీ

ఇసుకయు, కంకరయు, ధాన్యపు బస్తాలును మోయుచు, పెద్ద రహదారులను కొత్త బండ్లకు విడిచి ఊరి బాటలకు జేరుకొన్న పాత లారీలు మన ప్రాంతములలో నేటికిని కలవు. 1954లో టాటా సంస్థ జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సంస్థతో ఒప్పందము చేసికొని జంషెడ్‌పూరులో లారీల నిర్మాణమునకు బూనుకొన్నది. 1969లో ఆ ఒప్పందము ముగియగా బండి ముందుభాగమున బెంజి నక్షత్రమునకు బదులు టాటా వారి అక్షరము వెలసినది గాని, బానెట్టు క్రింది యంత్రధర్మము మాత్రము చాల కాలము మారలేదు. ఆ తరమునకు జెందిన టాటా 1210 గాని, మద్రాసు చెంత ఎన్నూరులో తయారైన అశోక్ లేలాండ్ కామెట్ గాని తెల్లవారుజామున లోడుతో బయలుదేరవలసిన వేళ స్టార్టు గాక మొరాయించినచో, యజమాని మెకానికును పిలుచును. ఆ వచ్చినవాడు తొందరపాటు మనిషియైనచో తిన్నగా డీజిలు పంపు విప్పుటకు పూనుకొనును. ఈ తొందరపాటు వలన దోషము లేని పంపులు చెడిపోవుచున్నవని నా దృఢవిశ్వాసము. పాత ఇంజను తన వ్యాధిని దాచుకొనునది కాదు; దాని నొక క్రమములో పరీక్షింపవలెను, అంతే.

1897లో రుడాల్ఫ్ డీజిల్ లోకమునకు జూపిన ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలిని పిస్టను బలముగా నొక్కగా అది 500 డిగ్రీలకు మించిన వేడిని పొందును. ఆ మండు గాలిలోనికి నాజిలు సన్నని తుంపరగా డీజిలును జల్లగా అది తనంతట తానే అంటుకొనును. కావున ఇంజను లేచుటకు కావలసినవి మూడే: చాలినంత వేగముగా తిరుగుట, గాలి బాగుగా నొక్కబడుట, సకాలమున డీజిలు అందుట. పాత బండిలో కంప్యూటరు లేదు. ఒకమారు లేచిన పిదప బ్యాటరీ తీసివేసినను ఇంజను తిరుగుచునే యుండును. విద్యుత్తుతో దానికి గల అగత్యము ఆ మొదటి క్షణములకే పరిమితము.

అందుచేత మొట్టమొదట విచారింపవలసినది సెల్ఫు తిరుగుచున్నదా, తిరిగినచో నిమిషమునకు నూరు చుట్లయినను తిప్పుచున్నదా అన్నది. హెడ్‌లైట్లు వెలిగించి సెల్ఫు నొక్కుడు. లైట్లు చీకటి పడినచో బ్యాటరీ నీరసించినదనియో, తీగెల అతుకులు చెడినవనియో ఎరుగవలెను. లైట్లు చెక్కుచెదరక వెలుగుచు సెల్ఫు మౌనముగా నుండినచో దోషము స్విచ్చిలోనో, సోలినాయిడులోనో కలదు. బ్యాటరీ మార్చుటకు ముందు దాని టెర్మినళ్లను చూడవలెను. సెల్ఫు తిరుగునప్పుడు 400 ఆంపియర్ల ప్రవాహము పోవు దారిలో ఓములో నూరవ వంతు నిరోధము చేరినను, 4 వోల్టులు అచ్చటనే హరించిపోవును. 12 వోల్టుల బండిలో అది మూడవ వంతు. ఆ కొద్దిపాటి నిరోధమునకు టెర్మినలుపై పేరుకొన్న తెల్లని, నీలపు చిలుము చాలును. ఛాసిసునకు బిగించిన ఎర్తు తీగె క్రింది తుప్పు చాలును. ఇంజను తిప్పిన వెంటనే స్విచ్చి ఆపి అతుకులను చేతితో తాకి చూచినచో, చెడిన అతుకు వెచ్చగా తగులును. వేడినీటితో చిలుము కడిగి, గీకి, బిగించి, పైన గ్రీసు పూసినంతనే లేచిన లారీలు కోకొల్లలు. వేరొక బండి బ్యాటరీ నుండి తీగెలు కలుపునప్పుడు మాత్రము చివరి కొనను బ్యాటరీకి గాక ఇంజను ఇనుముకు తగిలింపవలెను. చార్జి యగుచున్న బ్యాటరీ నుండి వెడలు హైడ్రోజను వాయువు చిన్న నిప్పురవ్వకే ప్రేలును.

ఇంజను చురుకుగా తిరుగుచున్నను లేవకున్నచో సైలెన్సరు వైపు చూడుడు. పొగ యేమాత్రము రానిచో సిలిండరులకు డీజిలు అందుటలేదు. పానా చేత బట్టుటకు ముందు ఇంజను ఆపు స్టాపరు తీగె పూర్తిగా వెనుకకు వచ్చినదో లేదో చూడవలెను. తుప్పుపట్టిన తీగె పంపు మీటను ఆపుదల స్థానముననే పట్టి యుంచుట పాత బండ్లలో సామాన్యము. అదియు సరిగా నున్నచో, మన మెకానికులు "ఎయిర్ పట్టినది" అని చెప్పు స్థితియే తరచుగా కారణము.

ఇది కొంత నిదానముగా గ్రహింపదగిన విషయము. ద్రవము నొక్కుడుకు లొంగదు, గాలి లొంగును. కావున పంపు నుండి నాజిలుకు పోవు గొట్టములో గాలిబుడగ చేరినచో, పంపు పుట్టించిన ఒత్తిడి యంతయు ఆ బుడగను అణచుటకే వ్యయమై నాజిలు తెరచుకొనదు. గాలి చొచ్చు తావు ట్యాంకునకును, దాని నుండి డీజిలును లాగు ఫీడు పంపునకును నడుమ నుండును. ఇచ్చట గొట్టములో చూషణమే గాని ఒత్తిడి లేదు గనుక, చీలిక యున్నను బయటికి చుక్క కారదు, గాలి లోనికి పోవును. రాత్రి యంతయు నిలిచిన బండిలో డీజిలు మెల్లగా ట్యాంకులోనికి జారిపోవును. ఉదయమున ఇంజను క్షణకాలము లేచి ఆగిపోవును. ఎండిన రబ్బరు గొట్టము, అరిగిన రాగి వాషరు, ఇవియే దీని మూలములు.

చికిత్స సులభము. ఫిల్టరుపై నున్న గాలి స్క్రూను వదులు చేసి, ఫీడు పంపుకు గల హ్యాండు ప్రైమరును ఒత్తుచుండగా మొదట నురుగు పొంగును, తరువాత చిటపట బుడగలు వచ్చును, పిదప నిర్మలమైన ధార వెలువడును. ధారలో బుడగ యొక్కటియు లేదని రూఢి యైన తరువాతనే స్క్రూ బిగింపవలెను. ఇట్లే పంపుపై గల స్క్రూ వద్దను చేసి, నాజిళ్ల కడ నట్లను వదులు చేసి సెల్ఫు తిప్పగా డీజిలు కొట్టుకొనుచు వచ్చును. ఒక్కొక్కటిగా బిగించుచు పోవుచుండగా ముందు రెండు మూడు సిలిండరులు కుంటుచు అందుకొనును, ఆపై తక్కినవి కలియును. ఆ చిమ్మువేళ చేయి అడ్డము పెట్టుట ప్రమాదకరము. ఆ ఒత్తిడి డీజిలును చర్మము క్రిందికి చొప్పింపగలదు. గాలి తీసిన మరునాడు మరల అదే వ్యాధి కనబడినచో గాలి తీయుటతో తృప్తిపడక, అది చొచ్చు తావును వెదకి మూయవలెను.

తెల్లని పొగ దట్టముగా వచ్చుచు ఇంజను లేవకున్నచో డీజిలు అందుచున్నది గాని మండుట లేదు. మొదటి బెంజి ఇంజనులలో వలె హీటరు ప్లగ్గులు గల బండియైనచో అవి యెర్రబడుచున్నవో లేదో చూడవలెను. అవి లేని బండిలోను, ఉండి సరిగా పనిచేయు బండిలోను వాల్వులు, రింగులు అరిగి కంప్రెషను తగ్గినదని శంకింపవలెను. ఇట్టి వేళ గాలి గొట్టము వద్ద పెట్రోలు గుడ్డ పట్టుట కొందరి అలవాటు. పెట్రోలు ఆవిరి పిస్టను పైకి రాకముందే ప్రేలి కనెక్టింగు రాడ్లను వంచగలదు. ఆ అలవాటును గట్టిగా ఖండింపవలసియున్నది.

ఈ పరీక్షలన్నియు ముగిసిన పిదపనే పంపు వంక చూడవలెను. బాష్ నమూనాలపై బెంగళూరు మైకో సంస్థ తయారుచేసిన ఈ పంపులలో ప్లంజరునకును దాని బ్యారలునకును నడుమ నున్న సందు రెండు మూడు మైక్రానులు మాత్రమే. వీధి ప్రక్క గోనెపట్టాపై విప్పినచో ఒక్క దుమ్ముకణము ఆ జతను శాశ్వతముగా గీయును. పంపును విప్పక యథాతథముగా దించి, పరీక్షాయంత్రము గల దుకాణమునకు పంపుటయే న్యాయము.

వరదలో మునిగిన లారీకి మాత్రము ఈ క్రమము వర్తింపదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు మునిగినప్పుడు ఎన్నో బండ్లు నీట నిలిచినవి. అట్టి బండికి సెల్ఫు నొక్కరాదు. సిలిండరులో చేరిన నీరు నొక్కుడు పడక రాడ్లను విరిచివేయును. ముందు బ్యాటరీ విడదీసి, నాజిళ్లు ఊడదీసి, ఇంజనును చేతితో మెల్లగా రెండు చుట్లు త్రిప్పి నీటిని వెడలగొట్టి, ట్యాంకును ఖాళీచేసి కడిగి, ఇంజనాయిలును ఫిల్టర్లను మార్చిన తరువాతనే తక్కిన పరీక్షలు.