తొలిసారి థీమ్ పార్కుకు వెళ్తున్నారా? ముందు ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతులు



పరీక్షలు ముగింపుకొచ్చాయి. ఈ సెలవుల్లో పిల్లలకు హైదరాబాద్‌లో రామోజీ ఫిల్మ్ సిటీయో, వండర్‌లానో చూపించాలని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. మండవల్లి, కైకలూరు, ముదినేపల్లి వైపు నుంచి ఇది ఒక్కరోజు పని కాదు. రానుపోను ప్రయాణం, బస, టికెట్లు, తిండి అన్నీ కలిపితే ఖర్చు బాగానే అవుతుంది. అంత ఖర్చుపెట్టి వెళ్లాక పిల్లలు ఎండలో క్యూల్లో నిలబడి ఏడ్చి, పెద్దలు విసుక్కుని తిరిగొస్తే ఆ బాధ డబ్బుతో పోయేది కాదు. సినిమా హాల్లోలా టికెట్ కొని కూర్చుంటే ఇక్కడ చాలదు. ఏది ముందు చూడాలి, ఏది వదిలెయ్యాలి అన్నది మనమే తేల్చుకోవాలి. అందుకు పనికొచ్చే సంగతులు ఇవి.

ఏ పార్కు ఎవరికి?

రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. దాన్ని కట్టిన రామోజీరావుగారిది మనకు దగ్గరలోని పెదపారుపూడే. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డుకెక్కిన చోటు అది. అక్కడ ప్రధానంగా చూసేవి సెట్లు, తోటలు, పక్షుల పార్కు, స్టంట్ షోలు, ‘బాహుబలి’ కోసం వేసిన సెట్. ఒకచోటి నుంచి మరోచోటికి వాళ్ల బస్సులే తిప్పుతాయి. కాబట్టి తాతయ్య, నానమ్మ, చంటిపిల్లలు కలిసి వెళ్లే కుటుంబానికి ఇది అనువుగా ఉంటుంది. అయినా దిగిన ప్రతిచోటా కొంత నడక తప్పదు.

వండర్‌లా తీరు వేరు. కొచ్చిలో 2000లో, బెంగళూరులో 2005లో పార్కులు పెట్టిన ఆ సంస్థ 2016లో హైదరాబాద్ శివారు రావిర్యాలలో మూడోది తెరిచింది. అక్కడ ముఖ్యమైనవి రోలర్ కోస్టర్ లాంటి రైడ్లు, నీళ్ల ఆటలు. ఏడో తరగతి, ఆపైన చదివే పిల్లలకు అక్కడ రోజంతా సరిపోదు. నాలుగేళ్ల పాప మాత్రం అన్నయ్య ఎక్కుతుంటే కింద నిలబడి చూడాల్సిందే.

ఇద్దరు పిల్లల మధ్య వయసు తేడా ఎక్కువుంటే ఈ సంగతి ఇంట్లోనే మాట్లాడుకోండి. అక్కడికి వెళ్లాక తేల్చుకుందాం అనుకుంటే గొడవ అక్కడే మొదలవుతుంది.

వయసు కాదు, ఎత్తు

రైడ్ ఎక్కనివ్వడానికి అక్కడివాళ్లు చూసేది పిల్లల వయసు కాదు, ఎత్తు. చాలా పార్కుల్లో టికెట్ ధర కూడా ఎత్తును బట్టే ఉంటుంది. దీనికి కారణం ఉంది. రైడ్‌లో ఒంటిని పట్టి ఉంచే కమ్మీ ఒక కొలత ప్రకారం తయారవుతుంది. అంతకంటే చిన్న ఒళ్లయితే కమ్మీకీ ఒంటికీ మధ్య సందు మిగులుతుంది. రైడ్ ఒక్కసారిగా కిందికి దిగేటప్పుడు కూర్చున్నవాళ్లు సీటు నుంచి పైకి లేచినట్టవుతారు. ఆ క్షణంలో వాళ్లను ఆపేది ఆ కమ్మీయే. కాబట్టి ‘రెండు సెంటీమీటర్లేగా, పంపించెయ్యండి’ అని సిబ్బందిని బతిమాలకండి. మడమ ఎత్తు బూట్లు వేసి నిలబెట్టకండి.

బయలుదేరే ముందే పిల్లల్ని గోడకు నిలబెట్టి, చెప్పుల్లేకుండా కొలవండి. పార్కు వెబ్‌సైట్‌లో ఏ రైడ్‌కు ఎంత ఎత్తు కావాలో చూడండి. ఎక్కగలిగేవి, ఎక్కలేనివి పిల్లల చేతే రెండు వరుసలుగా రాయించండి. రైడ్ దగ్గరికి వెళ్లాక వెనక్కి పంపితే కలిగే చిన్నబుచ్చుకోవడం దాంతో తప్పుతుంది.

గుండె జబ్బు, బీపీ, నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు పెద్ద రైడ్ల జోలికి వెళ్లకూడదు. ఆ బోర్డు ప్రతి రైడ్ దగ్గరా ఉంటుంది, చదవండి.

ముహూర్తం కాదు, వారం చూడండి

శని, ఆదివారాలు, పండగ సెలవులు జనంతో కిక్కిరిసి ఉంటాయి. మంగళ, బుధ, గురువారాలు కాస్త తెరిపి. చాలాచోట్ల మామూలు రోజుల్లో టికెట్ ధర కూడా తక్కువే. చెరువులున్నవాళ్లు పట్టుబడి రోజులు చూసుకుని వారం మధ్యలో రెండు రోజులు ఖాళీ పెట్టుకోగలిగితే మంచిది.

క్యూ ఎంతసేపు పడుతుందో మీరే లెక్కకట్టవచ్చు. ఒక రైడ్‌లో ఒక విడతకు 24 మంది కూర్చుంటారనీ, ఎక్కి, తిరిగి, దిగడానికి 4 నిమిషాలు పడుతుందనీ అనుకుందాం. గంటకు 15 విడతలు, అంటే 360 మంది. మీ ముందు 180 మంది ఉంటే అరగంట నిలబడాలి. రైడ్‌లో గడిపేది రెండు మూడు నిమిషాలే. ఈ లెక్క మీ ఆరో తరగతి పిల్లాడికి అప్పజెప్పండి. వాడు వాచీ చూస్తూ మనుషుల్ని లెక్కపెడుతుంటే నిలబడ్డ సమయం తెలియదు.

గేటు తెరిచిన మొదటి గంటలో క్యూలు చిన్నవిగా ఉంటాయి. అందరూ ముందు గేటు దగ్గరున్న రైడే ఎక్కుతారు. మీరు దూరంగా ఉన్న పెద్ద రైడ్‌తో మొదలుపెట్టండి. ఫిల్మ్ సిటీలో షోలకు నిర్ణీత వేళలుంటాయి. లోపలికి వెళ్లగానే ఆ పట్టిక తీసుకుని, మీకు కావలసిన రెండు షోల చుట్టూ మిగతావి అమర్చుకోండి.

జనం అంచనా తప్పితే ఏమవుతుందో ఈ పార్కులకు పెద్దన్నలాంటి డిస్నీలాండే చూసింది. అమెరికాలో 1955 జులై 17న అది తెరిచిన రోజు దొంగ టికెట్లతో అనుకున్నదానికంటే చాలా ఎక్కువ జనం వచ్చిపడ్డారు. ఎండకు తారు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి.

దారి సంగతి

గుడివాడ మీదుగా విజయవాడ చేరి, అక్కడి నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద 270 కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే హైదరాబాద్. ఫిల్మ్ సిటీ నగరంలో లేదు. మనం వెళ్లే దారిలోనే, చౌటుప్పల్ దాటాక నగరానికి ముందే తగులుతుంది. కారులోనో బస్సులోనో వెళ్లేవాళ్లు సిటీ లోపలికి పోయి మళ్లీ వెనక్కి రానక్కర్లేదు. రైల్లో సికింద్రాబాద్ దిగేవాళ్లు మాత్రం అంత దూరం వెనక్కి రావాలని గుర్తుంచుకోండి. వండర్‌లాకు వెళ్లాలంటే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి, శంషాబాద్ దిక్కుగా వెళ్లి రావిర్యాల దగ్గర దిగాలి.

రాత్రంతా ప్రయాణం చేసి, మొహం కడుక్కుని నేరుగా పార్కుకు వెళ్లడం చాలామంది చేసే పని. మధ్యాహ్నానికి పిల్లలు సోలిపోతారు. ముందు రోజు సాయంత్రానికే చేరి నిద్రపోండి.

అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి. రోజంతా ఎండలో తిరిగి, రాత్రికి రాత్రే కారు నడుపుకుంటూ ఇంటికి రావద్దు. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటారు. స్టీరింగ్ పట్టుకున్న నాన్న కూడా అలిసిపోయిన మనిషే. ఒక రాత్రి గది అద్దె మిగుల్చుకోవడం కోసం అంత పని పెట్టుకోకండి. వీలుకాకపోతే రైలో బస్సో చూసుకోండి.

నీళ్ల దగ్గర

మన పిల్లలు కాలవలు, చెరువుల పక్కన పెరిగారు. నీళ్లంటే భయం లేదు. అలలు వచ్చే కొలనులో ఆ ధైర్యమే ముప్పు. మామూలు చెరువులో నీటిమట్టం కదలదు. ఇక్కడ నడుము లోతున నిలబడ్డ పిల్లాడికి అల వస్తే నీళ్లు గొంతుదాకా వస్తాయి, కాళ్లు తేలిపోతాయి. పైగా మునిగే పిల్లలు సినిమాల్లోలా కేకలు వెయ్యరు. నోట్లో నీళ్లుంటాయి కాబట్టి చప్పుడు లేకుండా మునుగుతారు. గుంపులో పక్కవాళ్లు కూడా గమనించరు. కాపలా సిబ్బంది ఉన్నా సరే, పదేళ్లలోపు పిల్లలు మీ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. ఆ సమయంలో పెద్దల చేతిలో ఫోన్ వద్దు.

నీళ్ల రైడ్లకు నైలాన్ లాంటి ఈత దుస్తులే వేసుకోవాలి. నూలు చుడీదార్లు, చీరలు, జీన్సులతో దిగనివ్వరు. ఇంటి నుంచే తీసుకెళ్తే లోపల కొనే ఖర్చు తప్పుతుంది. గొలుసులు, గాజులు, ఉంగరాలు ఇంట్లోనే వదిలేసి వెళ్లండి.

బిడ్డ తప్పిపోతే

పొద్దున గేటు దగ్గర పిల్లలకు ఒక ఫొటో తియ్యండి. ఆ రోజు వేసుకున్న బట్టలు అందులో కనపడాలి. ముంజేతి మీద పెన్నుతో మీ ఫోన్ నంబరు రాయండి. నీళ్లలో చెరిగితే మళ్లీ రాయండి. ‘నేను కనపడకపోతే వెతుక్కుంటూ తిరగకు. ఉన్నచోటే నిలబడి, యూనిఫాం వేసుకున్న వాళ్లకు నంబరు చూపించు’ అని చెప్పి, ఒకసారి మీకు తిరిగి చెప్పమనండి. పెద్ద పిల్లలతో కలిసే చోటు, కలిసే వేళ ముందే అనుకోండి.

తిండి, ఎండ, డబ్బు

చాలా పార్కుల్లో బయటి తిండి లోపలికి రానివ్వరు. పులిహోర, జంతికలు దారికి ఉంచుకోండి. చంటిబిడ్డ ఆహారం, రోజూ వేసుకునే మందుల గురించి గేటు దగ్గర చెప్పండి. కడుపునిండా తిన్న వెంటనే తిరిగే రైడ్లు ఎక్కితే వాంతులవుతాయి. ముందు రైడ్లు, తర్వాత భోజనం, ఆ తర్వాత ఓ గంట నీడలో కూర్చుని చూసే షో పెట్టుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా పిల్లలకు నీళ్లు, ఓఆర్ఎస్ పడుతూ ఉండండి.

టికెట్లు పార్కు సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. వాట్సాప్‌లో తిరిగే సగం ధర లింకులు నమ్మకండి. విద్యార్థులకు రాయితీ ఉందేమో అడగండి, స్కూల్ ఐడీ కార్డు దగ్గర ఉంచండి. లోపల కొనుక్కోవడానికి ఒక్కొక్కరికీ ఇంత అని ఇంటి దగ్గరే చెప్పి, ఆ డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి. అదయ్యాక మళ్లీ అడగరాదని ఒప్పందం చేసుకోండి. తన డబ్బైతే ఎనిమిదేళ్ల పిల్లైనా రెండుసార్లు ఆలోచిస్తుంది.

చివరగా రెండు మాటలు

పిల్లాడు రైడ్ దగ్గరికి వెళ్లి ‘నాకు భయం, ఎక్కను’ అంటే వదిలెయ్యండి. ‘ఇంత డబ్బు పెట్టి తెస్తే...’ అనకండి. ‘చెల్లెలు ఎక్కింది చూడు’ అని అసలే అనకండి. ఒక విడత పక్కన నిలబడి చూడనివ్వండి. ఎక్కితే సరే, లేకపోతే లేదు.

రెండోది: ‘ర్యాంకు వస్తేనే ఫిల్మ్ సిటీ’ అని మెలిక పెట్టకండి. ఏడాదంతా కష్టపడిన పిల్లలకు సెలవు అవసరం. ర్యాంకు రాని పిల్లలకు అది ఇంకా అవసరం. మార్కుల సంగతి మాట్లాడుకోవడానికి జూన్ ఎలాగూ వస్తుంది.

క్షేమంగా వెళ్లి, క్షేమంగా రండి. సెలవులు హాయిగా గడపండి.