ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్

ఈ పేరు వేరుశనగకు పట్టే ఒక బూజుది. నేలలో బతుకుతూ, గింజల మీద పసుపు కలిసిన ఆకుపచ్చ పొడిలా పరుచుకుంటుంది. లాటిన్‌లో ఫ్లేవస్ అంటే పసుపు. ఇక ఆస్పర్‌జిల్లస్ అన్నది 1729లో ఇటలీ వృక్షశాస్త్రవేత్త మికేలీ పెట్టిన పేరు. సూక్ష్మదర్శినిలో దాని తల ఆయనకు చర్చిలో పవిత్రజలం చిలకరించే సాధనంలా కనిపించింది.

వర్గీకరణలో ఇది ఆస్కోమైకోటా విభాగానికి చెందుతుంది. పెన్సిలిన్ ఇచ్చిన పెనిసిలియంది కూడా దీని కుటుంబమే. సోయాసాస్ పులియబెట్టే ఆస్పర్‌జిల్లస్ ఒరైజే దీనికి మరీ దగ్గరి చుట్టం, కానీ ఫ్లేవస్ చేసే విషాన్ని అది చేయదు.

ఆ విషమే అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాకే దాని సంగతి బయటపడింది. కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది, వేయించినా పూర్తిగా పోదు. కాయ ఊరే దశలో బెట్ట తగిలినా, పీకాక సరిగా ఆరకపోయినా బూజు చేరుతుంది. అనంతపురం రైతుకు రెండూ తెలిసిన కష్టాలే. పల్లీల్లో ముడుచుకున్నవీ, రంగు మారినవీ కనిపిస్తే ఏరి పారేయండి.