పక్కపక్క బోర్లు, పరిమిత సమాచారం: ఉమ్మడి నిర్ణయాల గణన క్లిష్టత

1. ఉపోద్ఘాతం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలది ప్రధానంగా గట్టి రాతి భూగర్భం. ఇంకిన వాననీరు పైనున్న శిథిల శిలాపొరలోను, లోతున రాతి పగుళ్లలోను నిలుస్తుంది. పక్కపక్కనున్న రెండు బోర్లు ఒకే నీటిని తోడవచ్చు. కానీ ఏ రైతుకైనా నేరుగా తెలిసేది తన బోరు సంగతే. ఇద్దరూ ఉమ్మడి మేలే కోరినా, ఎవరు వరి వేయాలో, ఎవరు వేరుశనగ వేయాలో తేల్చడం కష్టం. ఆ కష్టానికి స్వార్థం కారణం కానక్కరలేదని గణన సిద్ధాంతం చూపుతుంది.

2. క్లిష్టత స్వరూపం

ప్రతి పంటకాలంలో రైతుకు రెండు ఎంపికలు ఉన్నాయనీ, పంట ముగిశాక నీరు ‘పెరిగింది’ లేదా ‘తగ్గింది’ అనే ఒక్క సూచనే అందుతుందనీ అనుకుందాం. మూడు పంటకాలాల ప్రణాళికలో 1+2+4=7 సందర్భాలకు నిర్ణయాలు ముందే రాసుకోవాలి. అప్పుడు ఒక్కొక్కరికి 128 ప్రణాళికలు, ఇద్దరికీ కలిపి 16,384 జతలు ఏర్పడతాయి. ఐదు పంటకాలాలకైతే ఒక్క రైతుకే 214 కోట్లకు పైగా ప్రణాళికలు. ఒకరి ప్రణాళిక విలువ రెండవవారి ప్రణాళికను బట్టి మారుతుంది కనుక విడివిడిగా ఎంచుకోవడం కుదరదు.

అన్నింటినీ వెతకకుండా సులువైన మార్గం ఉండదా? బెర్న్‌స్టైన్, గివన్, ఇమ్మర్‌మన్, జిల్బర్‌స్టైన్ 2002లో ప్రచురించిన ఫలితం ప్రకారం, పరిమిత కాలవ్యవధిలో ఇద్దరు నిర్ణేతలున్నా ఈ తరహా సమస్య ‘నెక్స్‌ప్-సంపూర్ణం’. అంటే, అన్ని సందర్భాలకూ పనికివచ్చే బహుపది కాలపు పద్ధతి దీనికి ఉండదు. పి, ఎన్‌పి తరగతులు ఒకటేనా అన్న తేలని ప్రశ్నతో ఈ నిర్ధారణకు సంబంధం లేదు.

3. సమాచారం పంచుకున్నప్పుడు

ఇద్దరూ తమ పరిశీలనలను ఎప్పటికప్పుడు, ఖర్చు లేకుండా పంచుకుంటే ఇది ఒకే నిర్ణేత సమస్యగా మారుతుంది. ఆ పరిశీలనలు కలిసి భూగర్భజల స్థితిని పూర్తిగా తెలిపితే బహుపది కాలంలో పరిష్కారం లభిస్తుంది. పాక్షికంగానే తెలిపితే సమస్య ‘పీస్పేస్-సంపూర్ణం’. ఈ భేదాన్ని పపదిమిత్రియు, సిట్సిక్లిస్ 1987లో నిరూపించారు.

ఈ దృష్టితో చూస్తే, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో అనంతపురం సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు జిల్లాల్లో సాగిన రైతు నిర్వహిత భూగర్భజల పథకం గమనార్హమైనది. రైతులే వర్షపాతాన్ని, బోర్ల నీటి మట్టాలను కొలిచి ఊరందరికీ తెలిపేవారు. రబీకి ముందు నీటి బడ్జెట్ వేసుకునేవారు. ఏ పంట వేయాలన్నది మాత్రం ఎవరి ఇష్టం వారిదే.

4. ముగింపు

నిర్ణయాధికారాన్ని ఒకరి చేతికి అప్పగించకుండానే సమాచారాన్ని ఒకచోటికి చేర్చవచ్చునని ఈ ఉదాహరణ తెలుపుతుంది. రైతుల సంఖ్య పెరిగేకొద్దీ ఉమ్మడి స్థితి వర్ణన కూడా పెరుగుతుంది. ఆ భారం మిగిలే ఉంటుంది. కొలతలు ఆగినా, ఆలస్యమైనా రైతులు మళ్లీ ఎవరి బోరు వారే చూసుకునే మొదటి సమస్యకే చేరుకుంటారు.