యూరప్ ట్రిప్ చివరి రోజు పాస్‌పోర్ట్ పోయిందా? కంగారు పడకుండా ఇలా చేయండి!

రాత్రికే రిటర్న్ ఫ్లైట్. పారిస్‌లో ఈఫిల్ టవర్ దగ్గర సెల్ఫీల హడావుడిలో ఎవరో పాస్‌పోర్ట్ కొట్టేశారు. ఇప్పుడేం చేయాలి? అక్కడి టూరిస్ట్ స్పాట్లు, మెట్రోల్లో జేబుదొంగల బెడద ఎక్కువే.

ముందు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చి, కాపీ తీసుకోవాలి. ఆ కాపీ, ఫొటోలు, పాస్‌పోర్ట్ జిరాక్స్‌తో భారత ఎంబసీకి వెళ్లాలి. అత్యవసరంగా వెళ్లాల్సిన వాళ్లకు అక్కడ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అయితే అది ఇండియాకి తిరిగి రావడానికి మాత్రమే, అదీ వన్‌వే. మధ్యలో ఇంకో దేశం చూసొద్దామంటే కుదరదు. ఎంబసీలో పని అయ్యేలోపు ఫ్లైట్ మిస్సయ్యేలా ఉంటే, ముందే ఎయిర్‌లైన్‌కి చెప్పి టికెట్ డేట్ మార్పించుకోవడం మంచిది.

ఇంకో విషయం.. పోయిందని రిపోర్ట్ చేసి రద్దయిన పాస్‌పోర్ట్ తర్వాత దొరికినా పనికిరాదు. అందుకే బయల్దేరే ముందే పాస్‌పోర్ట్, వీసా పేజీలు స్కాన్ చేసి మీకు మీరే మెయిల్ చేసుకోండి. ఫోన్ పోయినా అవి ఉంటాయి.