ముహూర్తానికి ముందే మాట్లాడాలి

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. ఆ నాటకం వెనక ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తీయిస్తే 1,034 తేలాయి. పెళ్లికూతుళ్లలో 99 మందికి ఐదేళ్లు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్కటే. ఈ అంకెలు పీఠికలో గురజాడే ఇచ్చారు. నాటకంలో చిన్నపిల్ల సుబ్బికి ముసలివాడితో కుదిరిన పెళ్లి తప్పించడానికి ఆమె మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కడతాడు, వేశ్య మధురవాణి తెలివి తోడవుతుంది, వ్యవహారం వకీలు సౌజన్యారావు పంతులు దాకా వెళ్తుంది. ఇంతమంది పూనుకున్న ఆ పనిలో సుబ్బికి మాత్రం ఏ పాత్రా లేదు. బాల్యవివాహాల మీద మనం నేటికీ చేస్తున్న పోరాటంలో లోపం అక్కడే ఉందని నా వాదన.

చట్టాలకు కొదవ లేదు. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసును 14గా పెట్టింది, 1978లో అది 18 అయింది, 2006లో మరింత గట్టి చట్టం వచ్చింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3 శాతమే. 15-19 ఏళ్ల వాళ్లలో అప్పటికే తల్లులైనవాళ్లు, గర్భిణులు కలిసి మన రాష్ట్రంలో 12.6 శాతం, దేశంలో 6.8. బడులు, రోడ్లు, ఆస్పత్రులు చాలా రాష్ట్రాలకంటే మెరుగని చెప్పుకునే మనకు ఇది తలవంపు. చట్టం అమలయ్యే తీరు చూస్తే కారణం కొంత అర్థమవుతుంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వస్తుంది, అధికారులు పెళ్లింటికి వెళ్తారు, తల్లిదండ్రుల చేత కాగితం రాయిస్తారు. అప్పటికి చుట్టాలు దిగారు, అప్పు తెచ్చారు, పందిరి వేశారు. అంత దూరం వచ్చిన పెళ్లి ఆ ఊళ్లో ఆగినా మరో ఊరి గుళ్లో జరిగిపోగలదు.

పెళ్లి నిజంగా ఖాయమయ్యేది అంతకు చాలా ముందు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి హైదరాబాద్, చెన్నైలకు భవన నిర్మాణ పనులకీ, తీరగ్రామాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కి చేపలవేటకీ వలస పోవడం తరాలుగా ఉన్నదే. ఎదిగిన పిల్లను ముసలమ్మ దగ్గర వదిలి వెళ్లాలంటే తల్లికి భయం. ఏదైనా జరిగితే నలుగురిలో తలెత్తుకోలేమన్న దిగులు. చదువు పెరిగితే కట్నమూ పెరుగుతుందన్న లెక్క ఇంకొకటి. మేనరికమైతే మరీ చిక్కు. ఆ పిల్ల వద్దంటే ఒక కుర్రాణ్ణి కాదన్నట్టు కాదు, అత్తనో మేనమామనో కాదన్నట్టు అవుతుంది. ఈ మాటలు ఇంట్లో నడుస్తున్నప్పుడు పెద్దలు కాక ఆ సంగతి తెలిసేది ఇద్దరికే: ఆ పిల్లకి, బడిలో ఆమె పక్కన కూర్చునే నేస్తానికి. కదలవలసిన వేళ అదే. అప్పుడు నోరు విప్పాలంటే పిల్లకు తన ఒంటి గురించీ చట్టం గురించీ తెలిసి ఉండాలి.

మనం చెబుతున్నదేమిటి? పిల్ల పెద్దమనిషైతే వీధంతా ఫ్లెక్సీలు కట్టి భోజనాలు పెడతాం. ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పరు. అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో పదిమందికి ఆరుగురు రక్తహీనతతో ఉన్నారు. ఆ స్థితిలో, ఒళ్లు ఇంకా ఎదుగుతున్న వయసులో గర్భం వస్తే గుర్రపువాతం, కష్టకాన్పు, బరువు తక్కువ బిడ్డ వంటి ముప్పులు పెరుగుతాయి. కాన్పు కష్టాలు చూసిన ఆడవాళ్లు లేని ఊరు లేదు. చట్టం పేరు చెబితే బిగుసుకునే పెద్దలు కూడా ఈ మాటకు ఆలోచనలో పడే అవకాశముంది.

ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారన్నది పాత భయం. యునెస్కో అనేక దేశాల అధ్యయనాలను పరిశీలించి, లైంగిక విద్య వల్ల తొందరపాటు పెరగదనీ, కొన్నిచోట్ల తగ్గుతుందనీ తేల్చింది. ఆ భయం కన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. పదిహేనేళ్ల పిల్లను కన్నవాళ్ల మీదకు ఎగదోయడం ఏం న్యాయం? ఒంటరిగా నిలబెడితే అన్యాయమే. అందుకే గుంపు కావాలి. బంగ్లాదేశ్‌లో 2012-16 మధ్య ‘బాలిక’ కార్యక్రమం కింద ఆడపిల్లలు వారంవారం ఒకచోట కలిసి చదువు, హక్కులు, పనినైపుణ్యాలలో ఏదో ఒకటి నేర్చుకున్న ఊళ్లలో బాల్యవివాహాలు మూడోవంతు దాకా తగ్గాయి. మన దగ్గర ఎదిగే ఆడపిల్లల కోసం కిశోరీ వికాసం ఉంది, 2014 నుంచి రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం ఉంది, గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసులు ఉన్నారు. పిల్ల తన సంగతి నేస్తానికి చెబితే, ఆ నేస్తం టీచరుకో ఏఎన్ఎంకో చెబితే, చెప్పినవాళ్ల పేరు బయటికి పొక్కకపోతే చాలు. తల్లిదండ్రులతో వాదన పెద్దల పని.

పేదరికం పోనిదే ఇది పోదనేవాళ్ల మాటలో నిజముంది. అయితే పేదరికం కూడా బడి దూరంగా, బస్సు లేకపోవడంగా, పదో తరగతి తర్వాత ఇంటర్ అందకపోవడంగానే పిల్ల ముందుకొస్తుంది. బిహార్‌లో 2006లో సైకిళ్లు ఇవ్వడం మొదలెట్టాక హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దాదాపు 30 శాతం పెరిగారు. సైకిలు కావాలని అడగడం కూడా నోరు విప్పడమే. ఇష్టపడి లేచిపోయే పిల్లల సంగతి వేరే. వాళ్ల విషయంలో పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పెట్టే కేసు కన్నవాళ్ల చేతిలో ఆయుధమవుతోంది. ఆ భయంతోనే గర్భిణి అయిన మైనరు ఆస్పత్రికి ఆలస్యంగా, వయసు దాచి వస్తుంది. గర్భస్రావం కోరే మైనరు, ఆమె సంరక్షకులు అడిగితే డాక్టరు పోలీసులకు ఆమె పేరు చెప్పనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు అంది. ఈ తీర్పు ఎంతమంది డాక్టర్లకు తెలుసో వేరే అడగాలి.

పెళ్లయిపోయిన పిల్లను మాత్రం అందరూ వదిలేస్తారు. బడి లెక్కలో ఆమె మానేసిన పిల్ల, ఆరోగ్యశాఖ లెక్కలో గర్భిణి. వద్దనుకుంటే 18 నిండిన రెండేళ్లలోపు ఆ పెళ్లిని కోర్టులో రద్దు చేయించుకునే హక్కు 2006 చట్టం ఆమెకిచ్చింది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి, ఇంటర్ రాయడానికి పెళ్లి అడ్డు కాదు. ఆశ కార్యకర్త మొదటిసారి ఆ గడప తొక్కినప్పుడే, మాత్రలతో పాటు ఈ రెండు సంగతులూ చెప్పి రావచ్చు.